మార్చిలో ఒడ్డునే పడిన బాస్ చేప జూన్‌లో ఎక్కడికి పోతుంది? (లూయిస్‌విల్ లేక్, డాలస్)

లిటిల్ఎల్మ్_శీను:

డాలస్ వైపు గాలం వేసే తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే కాస్త దారి చెప్పండి. మాది భీమవరం దగ్గర. చుట్టూ చేపల చెరువులే అయినా మా ఇంట్లో గాలం పట్టినవాళ్లు లేరు. అక్కడ చేపంటే టన్నుల్లో లెక్క. ఈ పిచ్చి నాకు ఇక్కడికొచ్చాకే పట్టుకుంది.

మార్చిలో లూయిస్‌విల్ లేక్ ఉత్తరం వైపు, మా ఇంటికి దగ్గర్లోని ఒక చిన్న కోవ్‌లో (ఒడ్డులోకి చొచ్చుకొచ్చిన నీటి పాయ) బాగా పడ్డాయి. ఆఫీసు అయ్యాక వెళ్లి, ఐదంగుళాల మెత్తటి ప్లాస్టిక్ వార్మ్‌కి నడుం దగ్గర హుక్ గుచ్చి (వ్యాకీ రిగ్ అంటారట) గడ్డి పక్కన పడేస్తే చాలు, లార్జ్‌మౌత్ బాస్ వచ్చి పట్టేసేది. మరీ పెద్దవి కావు, పద్నాలుగు, పదిహేను అంగుళాలవి. మా ఎనిమిదేళ్ల బాబు కూడా పట్టాడు. ఏప్రిల్ చివరిదాకా అదే వరస.

మే సగం నుంచి ఆ కోవ్ చచ్చిపోయింది. అదే రంగు, అదే వార్మ్, అదే టైము. అరచెయ్యంత బ్లూగిల్స్ చేపలు వార్మ్ తోక కొరికి పోతున్నాయి తప్ప బాస్ జాడే లేదు. యూట్యూబ్‌లో చూస్తే ప్రతివాడూ బోటు మీద నిలబడి స్క్రీన్ చూసుకుంటూ పడుతున్నాడు. నాకు బోటు లేదు, కొనే ఉద్దేశం కూడా లేదు. రెండో రీల్ కొన్నందుకే ఇంట్లో టెన్షన్. ఒడ్డున నిలబడేవాడికి ఎండాకాలంలో దారి ఉందా? లూర్ (ఉత్తుత్తి ఎర) మార్చాలా, చోటు మార్చాలా, లేక అక్టోబర్ దాకా రాడ్ గరాజ్‌లో పెట్టేయాలా?

రాత్రిబండి:

బ్రో, జూన్‌లో ఆఫీసు అయ్యాక వెళ్తే ఎండ నిన్ను పడుతుంది, చేప కాదు. రాత్రి తొమ్మిది దాటాక వెళ్లు. నీళ్ల మీద లైటు పడే చోటు ఏదైనా చూసుకుని, వెలుగూ చీకటీ కలిసే గీత వెంట పెద్ద నల్ల వార్మ్ మెల్లగా లాగు. అదీ కాకపోతే కాట్‌ఫిష్‌కి మారిపో. కోడి లివర్ గుచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటే ప్రాణానికి సుఖం.

కైకలూరు_డెంటన్:

శీను తమ్ముడూ, నీ కోవ్‌లో చేప చావలేదు, కాపురం మార్చింది. లూర్ గురించి తర్వాత మాట్లాడదాం. నేను డెంటన్‌లో ఉండబట్టి చాలా ఏళ్లయింది. ఈ చుట్టుపక్కల చెరువుల మీద నాకు అర్థమైంది ఒకటే: ఫలానా చోట బాస్ ఉంటుంది అని ఎవరైనా చెబితే, ఏ నెలలో అని అడగాలి. నెల కూడా కాదు, నీళ్లు ఎన్ని డిగ్రీలు అని అడగాలి. పది డాలర్లకి దారం కట్టిన థర్మామీటర్ దొరుకుతుంది. ఆ మూడో రీల్ కొనే ముందు అది కొను.

మార్చిలో నీకు పడినవి చాలావరకు మగవి అయ్యుంటాయి, సైజు చూస్తేనే తెలుస్తోంది. నీళ్లు 60 డిగ్రీలు (ఇక్కడ అన్నీ ఫారన్‌హీట్ లెక్కే) దాటగానే మగ బాస్ రెండు మూడు అడుగుల లోతులోకి వచ్చి, బురద లేని గట్టి నేల చూసుకుని తోకతో ఊడ్చి పళ్లెమంత గూడు చేస్తుంది. ఉత్తరం మూల కోవ్‌లు ముందు వేడెక్కుతాయి. దక్షిణం ఎండ పడుతుంది, చలిగాలి తగలదు. అందుకే అవన్నీ నీ ఇంటి పక్కకి వచ్చాయి. ఆడది వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. మగది గుడ్లనీ, తర్వాత పిల్లల గుంపునీ కాపలా కాస్తుంది. నీ వార్మ్‌ని అది ఆకలేసి పట్టలేదు, గూట్లోకి వచ్చిందని నోటితో పట్టుకుని బయట పారెయ్యబోయింది.

మన కొరమేను సంగతి తెలుసుగా. వానలు పడ్డాక గట్టువార నాచులో ఎర్రటి పిల్లల గుంపు పైకి తేలుతూ మునుగుతూ ఉంటుంది, కిందే తల్లీతండ్రీ ఉంటాయి. మా కొల్లేటి పక్క పెద్దవాళ్లు కప్పని గుచ్చి ఆ గుంపు మీద ఆడించేవారు, దెబ్బకి గాలం వంగిపోయేది. బాస్‌ది కూడా అదే కోపం. కాకపోతే ఇక్కడ కాపలా తండ్రి ఒక్కడిదే. (కొరమేను మీద మమకారంతో ఎవరూ ప్రాణమున్నది తెప్పించుకోవాలని చూడకండి. ఆ జాతి మొత్తాన్నీ 2002 నుంచి ఈ దేశంలోకి ప్రాణంతో తేనివ్వడం లేదు.)

ఆ కాపలా మేలో అయిపోయింది. పిల్లలు చెదిరిపోయాయి, తండ్రికి అక్కడ పనిలేదు. ఇప్పుడు నీ కోవ్‌లో నీళ్లు 85 డిగ్రీలు దాటి ఉంటాయి.

ఇక జూన్ సంగతి. చిన్నప్పుడు ఎండాకాలం దిగుడుబావిలో దూకావా? పైన గోరువెచ్చగా ఉండి, కాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఐసులా తగులుతుంది. ఈ రిజర్వాయర్లలో అంతే. జూన్‌కల్లా పైన వేడి నీళ్ల పొర, కింద చల్లటి బరువైన పొర ఏర్పడతాయి. రెండూ కలవవు. ఆ నడిమి హద్దుని థర్మోక్లైన్ అంటారు. కింద చల్లగా ఉంది కదా, చేపలన్నీ అక్కడికే పోతాయని చాలామంది అనుకుంటారు. పోవు. కింది పొరకి గాలి అందదు, ఉన్న ఆక్సిజన్ అడుగున కుళ్లే చెత్తకే అయిపోతుంది. కాబట్టి బాస్ ఆ హద్దుకి పైనే, కాస్త నీడా, తిండీ దొరికే చోట నిలబడుతుంది. హద్దు ఎంత లోతు అన్నది చెరువుని బట్టి, గాలిని బట్టి మారుతుంది. ఈ చుట్టుపక్కల ఇరవై అడుగులు అటూఇటూ అనుకో.

అంటే ఎండాకాలంలో చెరువు అడుగు నీకు అక్కర్లేదు. పది నుంచి ఇరవై అడుగుల లోతు కావాలి. ఒడ్డు నుంచి అది అందే చోట్లు తక్కువే కానీ ఉన్నాయి.

ఎక్కడ ఒడ్డు నిటారుగా దిగుతుందో, నీళ్ల కింద కూడా అదే వాలు సాగుతుంది. మీ లిటిల్ ఎల్మ్ వైపు చదునైన ఇసుక ఒడ్లలో వంద గజాలు విసిరినా మొలలోతే. అవి మార్చికి మంచివి, జూన్‌కి దండగ. నీళ్లలోకి ముక్కులా పొడుచుకొచ్చిన పాయింట్లు, వంతెన కింద పోసిన పెద్ద రాళ్లు, పాత వాగు వంపు ఒడ్డుకి ఒరుసుకుని వెళ్లే చోట్లు చూడు. వంతెనకైతే నీడ కూడా ఉచితం. నావియానిక్స్ మ్యాప్ ఫోన్‌లో తెరిచి, లోతు గీతలు ఒడ్డుకి దగ్గరగా ఒకదాని మీద ఒకటి పడినట్టు ఉన్నచోట గుర్తు పెట్టుకో. టెక్సాస్ వాటర్ డెవలప్‌మెంట్ బోర్డు వాళ్లు రిజర్వాయర్ల అడుగు కొలిచిన సర్వేలు కూడా ఊరికే దొరుకుతాయి.

లూయిస్‌విల్ లేక్‌కి ఒక తమాషా చరిత్ర ఉంది. దీని కడుపులో ఇంకో డ్యామ్ ఉంది. 1927లో కట్టిన లేక్ డాలస్ తాలూకు గార్జా డ్యామ్ అది. తర్వాత దిగువన 1955కి పెద్ద డ్యామ్ పూర్తిచేసి, 1957లో పాతదానికి గండి కొట్టి రెండు చెరువుల్నీ ఒకటి చేశారు. ఆ పాత కట్ట ఇప్పటికీ నీళ్ల కింద ఉంది. ఎండాకాలంలో బోటు వాళ్లు దానిమీదే తిరుగుతుంటారు. నీకు అందదులే, కానీ ఎందుకు తిరుగుతారో అర్థమైతే చాలు: లోతు పక్కనే మెరక, మెరక పక్కనే లోతు. అలాంటిదే చిన్నది ఒడ్డున వెతుక్కోవాలి.

గాలి సంగతి బోటు వాళ్లకంటే నీకే ఎక్కువ ఉపయోగం. ఇక్కడ ఎండాకాలం దక్షిణం గాలి ఎక్కువ. రెండు మూడు రోజులు ఒకే వైపు వీస్తే నీళ్ల మీది సన్నటి పచ్చటి జీవాలన్నీ ఉత్తరం ఒడ్డుకి కొట్టుకొస్తాయి, వాటి వెనక షాడ్ చేపలు, వాటి వెనక బాస్. అలలు మొహాన కొడుతున్నాయని అందరూ గాలి లేని వైపుకి పోతారు. నువ్వు గాలి ఒడ్డునే నిలబడు. విసరడం కష్టమే, టోపీ ఎగిరిపోతుంది, కానీ చేప అక్కడే.

టైము: తెల్లవారుజామున ఇంకా మసకగా ఉన్నప్పుడు మొదలుపెట్టి ఎండ నీళ్ల మీద పడేదాకా. ఆ గంట పైన తేలే లూర్ వెయ్యి, ముందు కప్పలాంటివి, గడ్డి లేనిచోట పాపర్. ఎండెక్కాక పైన మానేసి అడుక్కి దిగు. కరోలినా రిగ్ నేర్చుకో: అర ఔన్సు సీసం, పూస, స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే లింకు), ఆ తర్వాత రెండు మూడు అడుగుల లీడర్ (విడి దారం ముక్క), చివర వార్మ్. పాయింట్ మీంచి విసిరి, నేలకి తగిలాక రాడ్‌తో పక్కకి లాగు, రీల్‌తో కాదు. సీసం బురదలో పోతోందా, గులకలో పోతోందా చేతికి తెలుస్తుంది. బురద నుంచి గులక మొదలైన చోట ఆగు. నేను ఎండాకాలం పట్టేదంతా ఆ మారే చోటే.

లైన్ (గాలం దారం) గట్టిది వాడు, పదిహేను పౌండ్లది. ఈ చెరువులో రాళ్లకి జీబ్రా మస్సెల్స్ అనే చిన్న గుల్లలు పట్టి ఉన్నాయి, వాటి అంచులు బ్లేడే. లైన్ చివరి రెండడుగులూ మాటిమాటికీ వేళ్లతో తడుముతూ ఉండు, గరుకు తగిలితే తెంపి మళ్లీ కట్టు. బాబు వస్తే చెప్పులు విప్పనివ్వకు.

లిటిల్ఎల్మ్_శీను:

అన్నా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. నేను వార్మ్ రంగు మారుస్తూ కూర్చున్నాను, లోతు గురించి అసలు ఆలోచించలేదు. రెండు సందేహాలు. మ్యాప్ సరే, నిలబడిన చోట నిజంగా ఎంత లోతుందో ఒడ్డు నుంచి తెలిసేదెలా? రెండోది, ఈ లెక్కన సంవత్సరం పొడుగునా ఎప్పుడు ఎక్కడ ఉండాలి? బాబుకి స్కూలు ఉంటుంది కాబట్టి శని ఆదివారాలే దొరుకుతాయి, ముందే ప్లాన్ చేసుకోవాలి.

కైకలూరు_డెంటన్:

లోతు సులభం. పియర్ (నీళ్లలోకి కట్టిన నడవ) మీద నుంచి లోతు తెలిసిన చోట నీ అర ఔన్సు సీసం వదిలి, లైన్ వదులయ్యేదాకా ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టు. ఆ లెక్కే నీ కొలబద్ద. తర్వాత ఎక్కడ విసిరినా అదే లెక్క, అదే వేగంతో. కాస్త అలవాటైతే అడుగు అటూఇటూగా చెప్పగలవు.

సంవత్సరం లెక్క చెబుతా కానీ క్యాలెండర్‌లో రాసి గోడకి తగిలించుకోకు. ఇది టెక్సాస్, ఫిబ్రవరిలో ఓ వారం షార్ట్స్, మరుసటి వారం మంచు.

సెప్టెంబర్ అన్నిటికంటే పాడు నెల. బయట కాస్త చల్లబడిందని మనకి హుషారు వస్తుంది, నీళ్లకి రాదు. చేప చెరువంతా చెదిరి ఉంటుంది. ఓపిక ఉంటే వెళ్లు, లేకపోతే క్రికెట్ చూసుకో.

అక్టోబర్‌లో నీళ్లు 75 కిందికి వచ్చాక అసలు ఆట. షాడ్ గుంపులు గుంపులుగా వాగుల లోపలికి పోతాయి, బాస్ వాటి వెనకే. ఇప్పుడు మళ్లీ నీ కాళ్ల దగ్గరే చేప. నీళ్ల మీద చిన్న చిన్న వెండి మెరుపులు, పైన తెల్ల కొంగలు, టపటపమని చప్పుడు ఉంటే అదే చోటు. వాటిలో ఒక్కటీ లేకపోతే ఎంత అందమైన కోవ్ అయినా నిలబడకు, కారెక్కు. తెల్ల స్పిన్నర్‌బెయిట్ (రేకు గిర్రున తిరిగే లూర్) గానీ, చిన్న చదరపు మూతి క్రాంక్‌బెయిట్ (చేప ఆకారపు గట్టి లూర్) గానీ చాలు. షాడ్ ఎంత సైజులో ఉందో లూర్ అంతే ఉండాలి. ఈ కాలంలో రంగు కంటే సైజు ముఖ్యం.

అదే రోజుల్లో ఒకసారి చెరువు తిరగబడుతుంది. పై పొర చల్లబడి బరువెక్కి, రెండు పొరలూ కలిసిపోతాయి. అడుగున ఆర్నెల్లు ఊపిరాడని నీళ్లు పైకొస్తాయి. నీళ్లు గోధుమ రంగులో, కుళ్లిన వాసనతో ఉన్నాయంటే అదే. డ్యామ్ వైపు లోతు నీళ్లలో ఆ కొద్ది రోజులూ చేప మూతి తెరవదు. అలాంటప్పుడు చెరువు పైకొసకి, వాగు వచ్చి కలిసే చోటికి పో. అక్కడ లోతే లేదు కాబట్టి పొరలూ లేవు, తిరగబడటానికీ ఏమీ లేదు.

డిసెంబర్, జనవరి: నీళ్లు 50 కిందికి పోతాయి. మళ్లీ నిటారు ఒడ్లు, రాళ్లు. జూన్‌లో చూపెట్టిన చోట్లే చాలావరకు పనికొస్తాయి, ఇప్పుడు మాత్రం మధ్యాహ్నం మూడింటికి వెళ్లు, తెల్లవారుజామున కాదు. ఎండ రాళ్లని వేడి చేస్తుంది, ఒక్క రెండు డిగ్రీల తేడాకే చేప కదులుతుంది. చలి నెత్తురు జీవి, జీర్ణం నెమ్మది, కాబట్టి తక్కువ తింటుంది. నీళ్లలో ఆగిపోయే జెర్క్‌బెయిట్ అనే సన్నటి లూర్ రెండుసార్లు గుంజి వదిలెయ్యి. ఆపాక ఒక సిగరెట్ కాల్చేంత సేపు ఆగమని ఇక్కడి పాతవాళ్లు అంటారు. సిగరెట్ వద్దులే, ఆగడం మాత్రం నిజం.

చలికాలంలో ఏం పడుతుందిలే అనుకునేవాళ్లకి ఒక మాట. టెక్సాస్ రాష్ట్ర రికార్డు లార్జ్‌మౌత్ 18.18 పౌండ్లు, మన లెక్కలో ఎనిమిది కిలోల పైమాటే. అది లేక్ ఫోర్క్‌లో 1992 జనవరి 24న పడింది. పట్టిన బ్యారీ సెయింట్ క్లెయిర్ బాస్ కోసం వెళ్లలేదు, క్రాపీ అనే ఇంకో చిన్న రకం చేప కోసం చిన్న చేపని ఎరగా గుచ్చి వేశాడు. రాష్ట్రం వాళ్లు 13 పౌండ్లు దాటిన చేపల్ని గుడ్ల కోసం తీసుకునే షేర్‌లంకర్ కార్యక్రమం కూడా జనవరి 1 నుంచి మార్చి 31 వరకే. ఎందుకంటే పెద్ద ఆడవి గుడ్లతో బరువెక్కి, గూళ్ల వైపు కదిలేది అప్పుడే.

నన్నడిగితే ఒడ్డువాడికి ఏడాదిలో బంగారు కాలం ఫిబ్రవరి నడిమి నుంచి మార్చి మొదటి వారాలు, నువ్వు మొదలుపెట్టిన దానికి కాస్త ముందు. నీళ్లు 50 నుంచి 55కి ఎక్కుతుంటాయి. ఆడవి ఇంకా కోవ్ లోపలికి రావు, కోవ్ మూతి దగ్గర మొదటి పాయింట్ మీద, గడ్డి అంచున గుమిగూడి ఎదురు చూస్తుంటాయి. మగవాటిలా కోపంతో కాదు, ఆకలితో కొడతాయి. ఎర్రటి లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్ విసిరి, గడ్డికి తగులుకోగానే గట్టిగా గుంజి విడిపించు. విడిపోయిన ఆ క్షణంలోనే దెబ్బ పడుతుంది. వరసగా మూడు రోజులు వెచ్చగా ఉంటే మూడో రోజు సాయంత్రం ఆఫీసుకి డుమ్మా కొట్టినా తప్పులేదు. అదే ఉత్తరం నుంచి చలిగాలి వచ్చి ఆకాశం నీలంగా మెరిసిపోతుంటే, ఆ మరుసటి రోజు ఇంట్లో ఉండు. బయటికి రమ్మని పిలిచే వాతావరణం అది, చేపకి మాత్రం నచ్చదు.

గూళ్ల మీద పట్టడం గురించి నా పద్ధతి నాకుంది. మార్చి, ఏప్రిల్‌లో గూడు కళ్లకి కనిపిస్తుంటే దానిమీద వెయ్యను. చట్టం వద్దనలేదు, ఇక్కడ చాలామంది వేస్తారు. కానీ తండ్రిని పైకెత్తి ఫోటో దిగే రెండు నిమిషాల్లో బ్లూగిల్స్ గుంపు గుడ్ల మీద పడుతుంది. అది ఒకసారి చూశాక చెయ్యి రాదు. పట్టినా అక్కడికక్కడే వదిలితే తిరిగి గూటికి పోతుంది. బకెట్‌లో వేసుకుని చెరువంతా తిప్పకు.

ఎడిసన్_చందు:

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. పైన అన్న చెప్పిన గూళ్ల సంగతి మా దగ్గర చట్టంలోనే ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 15 వరకు బాస్ ఏది పడినా వెంటనే వదిలెయ్యాలి. మాకు గూళ్ల కాలం మే నెల, అంటే శీను గారి కోవ్ ఖాళీ అయ్యే రోజులకి మా ఫారింగ్టన్ లేక్‌లో అసలు పని మొదలవుతుంది. టెక్సాస్ వీడియోలు చూసి మార్చిలో ఎర్ర క్రాంక్‌బెయిట్ పట్టుకుని వెళ్లేవాళ్లని చూస్తుంటాను, ఇక్కడ అప్పటికి మంచు కరిగి ఎన్నాళ్లో కాదు. డిగ్రీల లెక్క మాత్రం ఎక్కడైనా ఒకటే. 55 అంటే మాకు ఏప్రిల్.

పులుసుప్రియ:

ఇంత కథ విన్నాక అడగకుండా ఉండలేను. పట్టినవన్నీ వదిలేస్తారా? మా ఆయన కూడా ఇలాగే తెల్లవారుజామున లేచి వెళ్లి, ఫోటోలు పట్టుకొస్తారు. ఫోటోలకి పులుసు పెట్టలేను కదా. బాస్ అసలు వండుకోవచ్చా?

కైకలూరు_డెంటన్:

చక్కగా వండుకోవచ్చమ్మా. తెల్ల మాంసం, నీచు తక్కువ. మామూలుగా ఈ రాష్ట్రంలో లార్జ్‌మౌత్ 14 అంగుళాలు దాటితేనే ఉంచుకోవాలి, మనిషికి రోజుకి ఐదు. కొన్ని చెరువులకి వేరే రూలు ఉంటుంది. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్యవి ఉంచుకోకూడదు, 24కి పైన రోజుకి ఒక్కటే. వెళ్లేముందు ఆ చెరువు పేరు కొట్టి పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ సైట్‌లో చూసుకోవడం మంచిది.

కానీ పులుసుకి నా ఓటు శాండ్ బాస్‌కి, అంటే వైట్ బాస్‌కి. పది అంగుళాలు దాటినవి రోజుకి పాతిక ఉంచుకోవచ్చు. ఫిబ్రవరి చివర, మార్చిలో గుడ్లు పెట్టడానికి వాగుల్లోకి ఎగబాకుతాయి, అప్పుడు ఒడ్డు నుంచే బకెట్ నిండుతుంది. పక్కల మీద ఉండే ఎర్ర మాంసం కోసి పారేస్తే వాసన ఉండదు. చింతపండు కాస్త తగ్గించి, మామిడికాయ దొరికితే అది వెయ్యండి. ముక్క మెత్తన, కాబట్టి పులుసు మరిగాకే ముక్కలు వేసి గరిటె పెట్టకుండా గిన్నె తిప్పండి. లార్జ్‌మౌత్ పెద్దది పడితే వదిలెయ్యమని మీ ఆయనకి చెప్పండి. ఐదు పౌండ్లు దాటినవన్నీ దాదాపు ఆడవే, ఎన్నో ఏళ్లు బతికి అంతయ్యాయి.

జూలై, ఆగస్టుల్లో వదిలేటప్పుడు ఒక జాగ్రత్త. 88 డిగ్రీల నీళ్లలో పోట్లాడిన చేప అలిసిపోయి ఉంటుంది. చేతులు తడుపుకుని పట్టుకోండి, వేడి రాళ్ల మీద పడుకోబెట్టి టేపు పెట్టకండి, హుక్ నీళ్లలో ఉండగానే తీస్తే ఇంకా మంచిది.

లిటిల్ఎల్మ్_శీను:

అన్నా, ఈ శనివారం తెల్లవారుజామున వెళ్దామనుకుంటున్నాను. మ్యాప్‌లో చూస్తే లూయిస్‌విల్‌లో మా వైపంతా చదునే. బాబుతో వెళ్లడానికి, కరోలినా రిగ్ నేర్చుకోవడానికి ఎక్కడ బాగుంటుంది? ఇంకోటి, మా బావ ఆస్టిన్ నుంచి వస్తున్నాడు, ఆయనకి లైసెన్స్ లేదు. ఒక్క రోజుకి కొనాలా?

కైకలూరు_డెంటన్:

రే రాబర్ట్స్ లేక్‌కి పో. పైలట్ పాయింట్ ఊరి దగ్గర, రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్క్‌లో ఐల్ డు బోయ్ యూనిట్. నీకు ఓ నలభై నిమిషాలు పట్టొచ్చు. టెక్సాస్ స్టేట్ పార్క్ లోపల ఒడ్డు నుంచి గానీ పియర్ నుంచి గానీ గాలం వేస్తే లైసెన్స్ అక్కర్లేదు, గేటు దగ్గర ప్రవేశ రుసుము కడితే చాలు. మీ బావకి లైసెన్స్ ఖర్చు లేదు. బాబుకి ఎలాగూ వద్దు, పదిహేడు నిండేదాకా అడగరు. శనివారాల్లో పార్క్ నిండిపోయి గేటు ఆపేస్తారు, రోజు పాస్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకో.

అక్కడా జీబ్రా మస్సెల్స్ ఉన్నాయి. బకెట్‌లో చిన్న చేపలు పెట్టుకుంటే ఆ నీళ్లు చెరువు దగ్గరే పారబోసి రావాలి, ఇంటికి తేవడం నేరం. గడ్డిలో నడిచేటప్పుడు ముందు కర్రతో తట్టు, కాటన్‌మౌత్ పాములు రాళ్ల మధ్య ఎండ కాచుకుంటాయి, వాటికి పక్కకి తప్పుకునే మర్యాద తక్కువ. అగ్గిచీమల పుట్టలు కూడా చూసుకుని కుర్చీ వెయ్యి.

నీ లైసెన్స్ సంగతి కూడా చూసుకో. మామూలుది ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. అక్టోబర్‌కి నీకు కొత్తది కావాలి. కొన్న రోజు నుంచి ఏడాది నడిచే రకం ఒకటి ఉంది, కాస్త ఎక్కువ ధర, ఉప్పునీళ్లకి కూడా చెల్లుతుంది. గాల్వెస్టన్ వైపు ఎప్పుడైనా వెళ్లే ఆలోచన ఉంటే అది తీసుకో, లేకపోతే సెప్టెంబర్‌లో మామూలుదే కొను.